మూడో నంబరు ఆకుపచ్చ

గెడ్డవానిపేట,
జూలై 6.

ఒసే షాలినీ,

ఎల్లాజీ ఆటోలో ఈ కవరు నీకు అందుతుంది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. రెండుసార్లు చేశాను. మొదటిసారి "ఆ, చెప్పండమ్మా, లైనింగుతోనా?" అన్నావు. రెండోసారి నా మాట వినకుండానే మీటరు ధర చెప్పి పెట్టేశావు. ఇక్కడ సిగ్నలు బడి నీళ్ళ ట్యాంకు మెట్ల మీద మాత్రమే దొరుకుతుంది. నలభై రెండేళ్ళ సైన్సు టీచర్ని, పిల్లలు చూస్తుండగా ట్యాంకెక్కి నీతో బ్లౌజు ముక్కల గురించి అరవలేను. హాస్టలు రోజుల్లో సెలవులకి రాసుకున్నట్టు ఉత్తరాలే నయం.

విషయానికొస్తాను. నాకు ఆకుపచ్చ గుడ్డలు కావాలి. ఆరు రకాల ఆకుపచ్చ.

ఈ కవర్లో ప్లాస్టిక్ పట్టీ ఒకటి పెట్టాను. వరి ఆకు రంగు చూసే పట్టీ అది. ఒకటో గడి లేత, ఆరోది బాగా ముదురు. మొక్కకి నత్రజని సరిపోతే ఆకు రంగు సరిగ్గా ఉంటుంది, తక్కువైతే పాలిపోతుంది. మన శ్రీకాకుళం సన్నాల రకం వరికి మూడో గడి రంగు ఉంటే చాలు, యూరియా వేయక్కర్లేదు. మూడు కంటే పాలిపోతే వేయాలి. ఇంత సులువైన పని. కానీ మా ఊళ్ళో ఆకుపచ్చకి పోటీ ఉంది. పక్కవాడి మడి మనదానికంటే నల్లగా నిగనిగలాడితే చాలు, ఇంటికెళ్ళి ఇంకో అరబస్తా తెచ్చి చల్లేస్తారు. మొక్క తిన్నంత తిని, మిగిలినది వాన నీళ్ళతో బడి వెనక బందలోకి దిగుతుంది. ఆ బందలో నేను చేరిన ఏడాది పిల్లలు ఈత కొట్టేవారు. ఇప్పుడు నీళ్ళ మీద ఆకుపచ్చ మీగడ కట్టి ఉంటుంది. కిందటి వేసవిలో కొరమీనులన్నీ తెల్లగా తేలాయి.

తొమ్మిదో తరగతిలో ముప్పై రెండు మంది. అందరివీ సేద్యపు ఇళ్ళే. రసాయనశాస్త్రం అనగానే ముఖాలు వాడిపోతాయి, యూరియా బస్తా అనగానే అందరికీ మాటలొస్తాయి. అందుకని ఈ ఏడాది బస్తా దగ్గర్నుంచే పాఠం మొదలుపెట్టాను. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో రంగుల పట్టీ ఉండాలి. వ్యవసాయం ఆఫీసులో ఒక్కటే ఉంది, అదీ అరువు. ఏ రంగుకి ఏ రంగు కలుస్తుందో మ్యాచింగ్ కొట్టు నడిపే నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? చూసి పంపు. పట్టీ జాగ్రత్త, తిరిగి ఇచ్చేయాలి.

నువ్వు కూడా ఒకరోజు వచ్చి పిల్లలకి పాఠం చెబితే బాగుంటుంది. బీఎస్సీలో మన బ్యాచికి కెమిస్ట్రీ ఫస్టు ఎవరో వాళ్ళకి చెప్పాను.

నీ
ఝాన్సీ

*

శ్రీకాకుళం,
జూలై 13.

ఝాన్సీ,

వారం రోజులు పట్టింది, తిట్టకు. ఆకుపచ్చ అంటే నీకు ఆరు. నా కొట్లో ముప్పై ఏడు. చిలకపచ్చ, మామిడాకు, పెసర, నాచు, సీసాపచ్చ, ఇంకా పేర్లు లేనివి. నీ ప్లాస్టిక్ పట్టీ గుమ్మంలో వెలుతుర్లో పట్టుకుని ఒక్కో తాను దింపి చూశాను. ట్యూబ్‌లైటు కింద చూస్తే మూడుకీ నాలుగుకీ తేడా తెలియలేదు. మా నరసింగరావు మాస్టారు మిషను ఆపి, "పెళ్ళి బట్టలకి కూడా ఇంత సూడరు కదమ్మా" అన్నాడు. కొట్టు అరుగు మీద పాతికేళ్ళుగా కుట్టే మనిషి, ఆయన చేత అనిపించుకున్నావు.

మంచి కాటన్ ముక్కలే. తెల్ల లాంగ్‌క్లాతు పట్టీ మీద వరసగా ఆరూ కుట్టించాను. ముప్పై నాలుగు పంపుతున్నాను, రెండు ఎక్కువ. ప్లాస్టిక్‌ది కూడా ఇదే సంచిలో ఉంది. డబ్బు సంగతి ఎత్తితే ఎల్లాజీతో తిప్పి పంపేస్తాను.

పాఠం సంగతి మాత్రం రాయకు. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఎంఎస్సీ సీటు వదిలి కొట్లో కూర్చున్నాను. జాన్ మ్యాచింగ్ సెంటర్ అంటే ఇవాళ నాలుగు వీధుల వాళ్ళకి తెలుసు, నాకు దిగులేమీ లేదు. ఆ సీసాలూ వాసనలూ నావి కావిప్పుడు. ఆ ఫస్టు ఎవరో పిల్లలకి చెప్పడం ఆపెయ్.

షాలిని

*

గెడ్డవానిపేట,
ఆగస్టు 27.

ఒసే షాలినీ,

నీ గుడ్డ పట్టీలు ఊరంతా తిరుగుతున్నాయి. రాయడానికి తీరిక దొరకలేదు, చెప్పాల్సింది చాలా ఉంది.

మొదటిరోజు యూరియా నీళ్ళలో కలిపించాను. గ్లాసు చల్లబడింది. పిల్లలు చెంపలకి ఆనించుకుని చూశారు. యూరియా కరిగేటప్పుడు నీళ్ళలో వేడి లాక్కుంటుందని చెప్పాను. ఒకడు, "అయితే మజ్జిగ గిన్నె అందులో పెట్టీవచ్చు కదా టీచర్" అన్నాడు. గిన్నె బయటే ఉంటే పెట్టొచ్చు, లోపల చుక్క పడకూడదు అని ఒప్పుకున్నాను. రెండోసారి తడిమట్టిలో యూరియా కలిపి సీసాలో పోసి, పసుపు రాసిన కాగితం మూతకి వేలాడదీశాం. మూడో రోజుకి కాగితం కుంకుమ రంగుకి తిరిగింది. మూత తీస్తే ఘాటు. ఎండలో పైపైన చల్లిన యూరియా సగం ఇలా గాల్లో కలిసిపోతుందంటే, "మా నాన్న గాలికి ఎరువు ఏత్తన్నాడా" అని ఒక పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా క్లాసులో ఈశ్వరి అని ఉంది. మాట తక్కువ, లెక్క ఎక్కువ. దాని నాన్నమ్మ అసిరమ్మకి ఎకరం మడి. ఆ ఎకరమే వాళ్ళ ఏడాది తిండి. ఈశ్వరి పట్టీ తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ అది తన దగ్గరే ఉండాలంది. పది రోజులకోసారి పొద్దున్నే, తన నీడలో ఆకు పెట్టి, పది ఆకులు చూసి ఈశ్వరి నోటుబుక్కులో రాస్తుంది. ఇరవై మూడో తారీఖున మూడో నంబరు వచ్చింది. అంటే రెండో దఫా యూరియా వేయక్కర్లేదు.

ఆ రోజు ఏమైందో విను. ఊళ్ళో యూరియా కరువు. సొసైటీ దగ్గర తెల్లవారకుండానే చెప్పులు వరసగా పెట్టి వెళ్తున్నారు. అసిరమ్మ రెండు రోజులు నిలబడి ఒక బస్తా సంపాదించింది. ఈశ్వరి నోటుబుక్కు చూపించగానే ఆ బస్తా పక్క మడి చినబాబుకి ఇచ్చేసింది. "మా గుంట అక్కర్నేదన్నాది" అని మనవరాలిని చూపించి చెప్పిందట. ఊళ్ళో మాట ఇదే ఇప్పుడు. నాకు నేల మీద కాలు ఆనడం లేదు. పన్నెండేళ్ళుగా చెబుతున్న పాఠం ఒక బస్తాని ఆపింది షాలినీ.

నీ
ఝాన్సీ

*

శ్రీకాకుళం,
ఆగస్టు 31.

ఝాన్సీ,

నీ ఊరివాళ్ళు నా కొట్టుకొస్తున్నారు. నిన్న ఒకావిడ వచ్చి, "మూడో నంబరు పచ్చ ఇయ్యమ్మా, మా సీరకి అదే కలుత్తాది" అంది. నరసింగరావు మాస్టారు నవ్వు ఆపుకోలేక దారం తెంపేశాడు. శ్రావణం బేరాల్లో తల ఎత్తడానికి లేదు కాబట్టి ఇంతే రాస్తున్నాను.

అసిరమ్మ మడి ఎలా ఉందో రాస్తుండు. బస్తా ఇచ్చేసిందంటే నాకు కొంచెం గుబులుగా ఉంది.

షాలిని

*

గెడ్డవానిపేట,
సెప్టెంబరు 14.

షాలినీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అంతా బాగానే ఉంది.

బంద నీళ్ళతో మూడు సీసాలు పెట్టాం. ఒకదాంట్లో ఏమీ కలపలేదు. ఒకదాంట్లో చిటికెడు యూరియా, నాలుగు డీఏపీ గుళికలు. మూడోదాంట్లో గుప్పెడు గుప్పెడు. కిటికీలో పెట్టి పదిహేను రోజులు ఆగాం. మొదటిది పెద్దగా మారలేదు. రెండోది నాచు పట్టి ముద్దగా అయింది. మూడోది అసలు పచ్చబడకపోతే పిల్లలు ఆశ్చర్యపోయారు. మరీ ఎక్కువైతే నాచు కూడా బతకదని చెప్పాను. రెండో సీసాలో వేసిన నీటిపురుగులు తెల్లవారేసరికి పైకొచ్చి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నాచు రాత్రంతా నీళ్ళలో ప్రాణవాయువు తాగేస్తుందని, మన కొరమీనులు అందుకే పోయాయని చెప్పాను. పిల్లలు ఆ పురుగుల్ని బందలో వదిలేస్తామన్నారు. వదిలేశాం.

సీసాల బొమ్మలు ఎంత బాగా గీశారో చూడాలి. ఒకటి పంపుతున్నాను. హెడ్మాస్టరు గారు కూడా మెచ్చుకున్నారు. వానలు పర్వాలేదు. మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఝాన్సీ

*

శ్రీకాకుళం,
సెప్టెంబరు 16.

ఝాన్సీ,

అమ్మ మోకాళ్ళు బాగున్నాయి. సీసాల బొమ్మ కూడా బాగుంది. రెండు పేజీలు రాశావు, అందులో అసిరమ్మ పేరు ఎక్కడా లేదు.

మొన్న ఎల్లాజీని అడిగాను. "ఆ మామ్మ మడి పసుపెక్కిపోనాదమ్మా. సినబాబు మడేమో నల్లగా ఉన్నాది. పిల్లల సదువు నమ్మీసినాదని ఊర్లో నవ్వుతన్నారు" అన్నాడు. నాతో ఇది నువ్వు చెప్పాలి కదా, ఆటో ఎల్లాజీ కాదు. హాస్టల్లోనూ ఇంతే, మార్కులు తగ్గితే వాతావరణం గురించి మాట్లాడేదానివి.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి.

షాలిని

*

గెడ్డవానిపేట,
సెప్టెంబరు 17.

షాలినీ,

నిజమే, దాచాను. సిగ్గేసి దాచాను.

రెండోసారి ఈశ్వరి లెక్కలోనూ మూడో నంబరే, మూడోసారి కూడా మూడే. నేను నోటుబుక్కు చూసి సంతకం పెట్టాను. మడి చూడలేదు. పన్నెండో తారీఖున ఎవరో అంటే వెళ్ళాను. ఎకరం ఎకరమంతా పాలిపోయి ఉంది. గట్టు మీంచే ఈశ్వరిని పిలిచాను. ఈశ్వరి పట్టీ తెచ్చి నా ఎదురుగా ఆకు పెట్టింది. మూడో నంబరుతో కచ్చితంగా కలిసింది. పిల్ల తప్పు చేయలేదు. నా పాఠం తప్పా, పట్టీ తప్పా నాకు తెలియడం లేదు. జింకు లోపమా, తెగులా అని పుస్తకాలు తిరగేశాను. వ్యవసాయం ఆఫీసులో అడిగితే నత్రజని తక్కువే అన్నారు.

నీతో ఒక మాట అడగాలి, కోపం తెచ్చుకోకు. ఆ మూడో ముక్క సరిగ్గా చూసే ఇచ్చావా? ఒకవేళ తాను మారిందేమో. రంగు వెలిసే గుడ్డేమో. మిగతా పట్టీలు ఊళ్ళో చేతులు మారి బురదపట్టాయి, పోల్చి చూడటానికి లేదు.

ఇంకో వారంలో పొట్టకర్ర సమయం, అంటే వెన్ను తయారయ్యే వేళ. ఆ లోపల యూరియా అందకపోతే వెన్నుల్లో గింజ ఉండదు. అందించాలంటే ఊళ్ళో గుప్పెడు దొరకడం లేదు. అసిరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో ఎదురైతే "తిన్నావేటి టీచరమ్మా" అంటుంది. అది ఇంకా కష్టంగా ఉంది. ఏడాది తిండి షాలినీ. ఇకమీదట ఈ ఊళ్ళో ఏ పిల్ల చెప్పినా ఏ తల్లి వింటుంది?

అసిరమ్మ దగ్గరున్న పట్టీ అడిగి తెచ్చి ఇందులో పెట్టాను. నువ్వే చూడు.

ఝాన్సీ

*

శ్రీకాకుళం,
సెప్టెంబరు 19.

ఝాన్సీ,

కోపం వచ్చింది. ఒక పూటంతా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ కొట్లో నేను రంగు తప్పితే అది నా పేరు తప్పడమే. తర్వాత పట్టీ విప్పి గుమ్మంలోకి తీసుకెళ్ళాను.

నేను నీకు కోసిన ప్రతి తానులోంచీ ఒక్కో ముక్క విడిగా దాచుకున్నాను, మళ్ళీ అడుగుతావని. రెండూ పక్కపక్కన పెట్టాను. వెలిసిన గుడ్డ తెల్లబడుతుంది. ఇది తెల్లబడలేదు. ఒకటి, రెండు, మూడు గళ్ళు పసుపువైపు తిరిగాయి. అంచున ఉన్న తెల్ల లాంగ్‌క్లాతు కూడా గంధం రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వంటింటి వాసన.

వెనక్కి వెళ్ళి బట్టల సబ్బు నీళ్ళు రెండు చుక్కలు వేశాను. ఝాన్సీ, గుడ్డ ఎర్రబడింది. మందార రంగులో ఎర్రబడింది. అక్కడే బకెట్టు దగ్గర కూర్చుని నవ్వాను, ఆ తర్వాత కళ్ళు తడిశాయి, ఎందుకో అడగకు.

పసుపు. నువ్వు సీసాలో వేలాడదీసిన కాగితమే ఇది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని నువ్వే పిల్లలకి చూపించావు. కొత్త గుడ్డ ఇంటికొస్తే మీవాళ్ళు ఏం చేస్తారు? మూలకి పసుపు పెట్టకుండా కడతారా? మేం బాప్టిస్టు వాళ్ళం, మాకా అలవాటు లేదు, అయినా నాకు తెలుసు. వారానికి నాలుగు చీరలు పసుపు మరకలతో ఫాల్సు కుట్టడానికి వస్తాయి నాకు. నువ్వు పుట్టి పెరిగిన ఇంట్లో అలవాటు, నీకు తట్టలేదు. పసుపెక్కిన ఆకు పసుపెక్కిన గుడ్డతో కలవక ఏమవుతుంది?

వెంటనే వెళ్ళు. ముందు యూరియా సంగతి చూడు, తర్వాత ఎవరిది తప్పో మాట్లాడుకోవచ్చు. వెళ్ళి ఆవిడని కసురుకోకు. పాత పట్టీతో పాటు మంచి పట్టీ ఒకటి కుట్టించి పంపుతున్నాను.

షాలిని

*

గెడ్డవానిపేట,
సెప్టెంబరు 26.

ఒసే షాలినీ,

ముందుగా క్షమించు. నీ రంగుని అనుమానించాను. ఇంకెప్పుడూ చేయను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే అసిరమ్మ ఇంటికెళ్ళాను. పట్టీ ఎక్కడ పెట్టేవారని అడిగాను. దేవుడి గూడు చూపించింది. తెచ్చిన రోజునే పసుపు నీళ్ళలో ముంచి నీడన ఆరేసిందట. అక్కడితో ఆగలేదు. మడికి మేలు చేసే గుడ్డ కదా అని ప్రతి శుక్రవారం గూట్లో ఉన్న పట్టీకి ఇంత పసుపు అద్దుతూ వచ్చింది. అందుకే రోజు రోజుకీ పసుపు ఎక్కింది. నేను సబ్బు నీళ్ళు చల్లి చూపించాను. ఎర్రబడిన గుడ్డని వేలితో రుద్ది చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "కొత్త గుడ్డ పసుపెట్టకుండా ఎలా వాడతామమ్మా? నువ్వు సెప్పినేదు కదా."

చెప్పలేదు. పొద్దున్నే చూడాలి, నీడలో చూడాలి, ఒకే మనిషి చూడాలి అని ఏడు నియమాలు రాసిచ్చాను. ఇది రాయలేదు. ఆ రోజు నేను కట్టుకున్న కొత్త చీర మూలకి కూడా పసుపు ఉంది, తెలుసా.

మర్నాడు క్లాసులో ఉన్నదంతా చెప్పాను. టీచరు మడి చూడకుండా సంతకం పెట్టిందని కూడా చెప్పాను. ఈశ్వరి తల దించుకుని కూర్చుంది. వెనక బెంచీ గోవింద్ లేచి, "మాకు మిగిలిపోయిన యూరియా ఉన్నాది టీచర్, మూటలో" అన్నాడు. ఇంకొకరు మాకూ ఉంది అన్నారు. లెక్క వేశాం. ఈశ్వరి ఇల్లు పోను ముప్పై ఒక్క ఇళ్ళు, ఇంటికి ముప్పావు కిలో అయితే ఇరవై మూడు కిలోల పైన. నూటికి నలభై ఆరు వంతులు నత్రజని, అంటే దాదాపు పదకొండు కిలోలు. ఎకరానికి ఈ దఫాకి చాలు. టిఫిను డబ్బాల్లో మాత్రం తేవద్దని గట్టిగా చెప్పాను. మర్నాడు పాలిథిన్ కవర్లు, చిన్న మూటలు, ఒక రాగి చెంబు. బడి తూకం మీద పోస్తుంటే ఇరవై ఎనిమిది తేలింది. నాలుగు కిలోలు చినబాబు తెచ్చి పోశాడు. "నా మడికి ఎక్కువైపోనాది టీచరమ్మా, దోమ తెగులు కూడా దిగినాది" అన్నాడు.

నీళ్ళు తీసిన మడిలో, సాయంత్రం ఎండ తగ్గాక, మట్టితో కలిపి చల్లించాం. గాలికి పోకుండా. ఐదు రోజులయింది. ఇవాళ పొద్దున నీ కొత్త పట్టీతో చూశాం. రెండున్నర దాటింది. నేను మడిలోకి దిగి స్వయంగా చూశాను.

ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళలో చెప్పలేదు. ఆఖరి ఏడాది ప్రాక్టికల్సులో గుర్తుపట్టమని ఇచ్చిన ఉప్పు ఏమిటో నాకు తెలియలేదు. నువ్వు నా టేబులు పక్కనుంచి పోతూ "అమోనియం" అని గొణిగి వెళ్ళావు. అది రాసి పాసయ్యాను. ఆ మార్కులతో బీఈడీ, ఆ బీఈడీతో ఉద్యోగం. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మర్చిపోలేదు. ఈ సబ్బు చుక్క కూడా నువ్వే వేయాల్సి వచ్చింది.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. ఒక్క పూట రా. ఆ ఎర్రబడే గుడ్డ పిల్లలకి నువ్వు చూపించు.

నీ
ఝాన్సీ

*

శ్రీకాకుళం,
అక్టోబరు 8.

ఝాన్సీ,

మరిచిపోలేదు. నువ్వు సోడా కలిపి వాసన చూసి ముక్కు మూసుకున్నావు కదా, ఆ మొహం చూసే అమోనియం అని తెలిసింది. నీకు తప్ప గది మొత్తానికీ తెలిసింది.

నిన్న నేను మీ బడికి వచ్చి వెళ్ళినప్పట్నుంచి నరసింగరావు మాస్టారు నన్ను అదోలా చూస్తున్నాడు. కొట్లో పాడుతున్నానట. ముప్పై రెండు మంది పిల్లలు తమ ఇళ్ళలోంచి నిమ్మకాయ, సున్నం, చింతపండు, సబ్బు తెచ్చి నా చుట్టూ మూగితే నేను సబ్బు బదులు చింతపండు అందుకున్నాను, నువ్వు చూశావో లేదో. గుడ్డ ఎర్రబడగానే ఒక పిల్ల నిమ్మరసం పిండింది, మళ్ళీ పసుపు తిరిగింది. నేనింకా చెప్పనే లేదు, దానంతట అదే చేసింది. ఎందుకు తిరిగిందో చెప్పడానికి నోరు తెరిస్తే ఇరవై ఏళ్ళ కిందటి మాటలన్నీ వరసగా వచ్చేశాయి. ఎక్కడ దాక్కున్నాయో. చాలా సంతోషంగా ఉంది ఝాన్సీ. నాకు దిగులేమీ లేదని రాశాను కదా, అది పూర్తిగా నిజం కాదు. ఇప్పుడు నిజం.

అసిరమ్మ మడి గట్టు మీద మనం నిలబడ్డప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైరు కేసి చూస్తూ ఏదో చెప్పబోయి, ఈశ్వరి రాగానే ఆపేసింది. ఏమిటో కనుక్కో. బందలో మీగడ అలాగే ఉందని బెంగపడకు. అది ఒక్క పంటకి పట్టినది కాదు, ఒక్క పంటకి పోదు.

నెలకోసారి సోమవారం కొట్టు మూస్తాను. ఆ రోజు ఖాళీ.

షాలిని

*

గెడ్డవానిపేట,
డిసెంబరు 9.

అమ్మా సాలినమ్మకి,

నాను అసిరిని. నాకు రాయడం రాదు. మా ఈస్పరి రాస్తన్నాది. నాను సెప్పినది సెప్పినట్టే రాయమన్నాను, దిద్దొద్దన్నాను.

ఎల్లాజీ ఆటోలో బియ్యం పంపిస్తన్నాను. కొత్త బియ్యం, నీల్లు తక్కువెయ్యి, నేకపోతే ముద్దయిపోతాది. పసుపు కుంకుం కూడా పెట్టి పంపుదునమ్మా, మీరు పెట్టుకోరని టీచరమ్మ సెప్పినాది. అందుకని బియ్యమే.

పోయినేడు ఇరవై రెండు బస్తాలొచ్చినాయి. ఈయేడు ఇరవై. రెండు తగ్గినాయి, తగ్గితే తగ్గనీ. మాకు తిండికి సాలు. మొన్న గాలివానకి సినబాబు మడి పడుకుండిపోనాది, కొయ్యడానికి రెండింతలు కూలోల్లు కావలసొచ్చినాది. నాది నిలబడ్డాది. వచ్చే యేడు ఆడు కూడా గుడ్డ అడుగుతన్నాడు. పాత గుడ్డ గూట్లోనే ఉన్నాది, దానికి పసుపు పెడతన్నాను. నువ్విచ్చిన కొత్త గుడ్డ గుమ్మం పక్కన మేకుకి ఏలాడదీసినాను, దానికి పెట్టను.

ఆ రోజు గట్టు మీద నీకు సెప్దునని ఆగిపోయిన మాట ఇప్పుడు సెప్తన్నాను. మడి పసుపెక్కుతన్నాదని నాకు టీచరమ్మ కంటే పది రోజులు ముందే తెలుసు. యాబై యేల్లుగా సూత్తన్నాను కదమ్మా, మడి ఆకలేస్తే నాకు తెలీదేటి? గానీ మా గుంట బుక్కులో మూడని రాసుకున్నాది. నానెల్లి ఎక్కడో అడిగి యూరియా తెచ్చి సల్లేత్తే, దాని సదువు తప్పయిపోతాది. ఇంక అది జల్మలో పుస్తకం ముట్టుకుంటాదేటి? మడి వచ్చే యేడు మల్లీ పండుతాది. అందుకని నోరు మూసుకుని కూకున్నాను.

నువ్వు సబ్బు ఏసి సూసినావు. గుంట తప్పు కాదని తేలిపోనాది. ఆ రోజు నాను కడుపునిండా తిన్నాను.

ఉంటానమ్మా.

అసిరమ్మ (వేలిముద్ర)

షాలిని మేడం గారికి, నేను ఈశ్వరిని. నాన్నమ్మ ముందే చూసిందని నాకు ఇది రాస్తుంటేనే తెలిసింది. పెన్ను కింద పెట్టేశాను. నాన్నమ్మ "రాయవే" అంటే మళ్ళీ రాశాను. టీచరు గారి ఏడు నియమాల కింద, గుడ్డకి పసుపు పెట్టరాదు అని ఎనిమిదోది నేనే రాశాను మేడం. వచ్చే ఏడాది వరి మడికి ఇప్పుడే కొత్త నోటుబుక్కు మొదలుపెట్టాను. అందులో తేదీ, ఆకు, నంబరు అని మూడు గళ్ళు ఉండేవి. ఇవాళ నాలుగో గడి గీశాను. దాని పైన "నాన్నమ్మ ఏమన్నది" అని రాశాను.